నేతిబీరకాయలో నెయ్యి, అర అంగుళం పైపులో అర అంగుళం

అర అంగుళం స్టీలు పైపు ముక్క ఒకటి తీసుకుని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. బయటి వ్యాసం చూస్తే 21.3 మి.మీ. ఉంటుంది. షెడ్యూల్ (గోడ మందాన్ని సూచించే అంకె) 40 రకమైతే గోడ మందం 2.77, లోపలి వ్యాసం 15.8 మి.మీ. ఆ ముక్కను ఎటు తిప్పి కొలిచినా 12.7 మాత్రం తగలదు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, అర అంగుళం పైపులో అర అంగుళం అంతే.

ఆ పైపులో మీటరు పొడవుకు ఎన్ని నీళ్లు పడతాయి? పేరు నమ్మి లెక్క కట్టినవాళ్లకు 127 మిల్లీలీటర్లు వస్తుంది. నిజానికి పట్టేది 196. సగానికి పైగా తేడా. సూత్రం తప్పు కాదు, గుణకారమూ తప్పు కాదు, మొదట వేసిన అంకే తప్పు. పైపుల లెక్కల్లో నేను చూసిన పొరపాట్లలో చాలావాటి కథ ఇదే, నేను చేసినవాటితో సహా. అందుకే ఇక్కడ సూత్రం గురించి నాలుగు మాటలే చెప్తాను. ఆ సూత్రంలో వేసే అంకె గురించే ఎక్కువ చెప్పాలి.

పైపు లోపలి ఖాళీ ఒక పొడుగాటి స్థూపం. అడ్డంగా కోస్తే కనిపించే గుండ్రటి ఖాళీ వైశాల్యాన్ని పొడవుతో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. స్కూల్లో దీన్ని వ్యాసార్థంతో నేర్పారు. పనిలో మాత్రం కొలిచేది ఎప్పుడూ వ్యాసాన్నే కాబట్టి, వ్యాసం వర్గాన్ని ‘పై’లో నాలుగోవంతుతో, అంటే 0.7854తో గుణించడం సుఖం. ఇందులో ఇంకో వెసులుబాటు ఉంది. ఒక చదరపు మిల్లీమీటరు వైశాల్యమున్న సన్నటి ఖాళీ ఒక మీటరు పొడవునా సాగితే అది 1000 ఘన మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా ఒక మిల్లీలీటరు. కాబట్టి లోపలి వ్యాసాన్ని మి.మీ.లో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, మళ్లీ 0.785తో గుణిస్తే వచ్చేది నేరుగా మీటరుకు ఎన్ని మిల్లీలీటర్లన్నది. ఎక్కడా సున్నాలు కలపడం, తీసేయడం ఉండదు. 10 మి.మీ. వ్యాసానికి మీటరుకు 78.5 మి.లీ. 100 మి.మీ. వ్యాసానికి 7,854 మి.లీ., అంటే ఎనిమిది లీటర్లకు కాస్త తక్కువ.

నోటిలెక్కకు ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే చాలు. లోపలి వ్యాసం 36 మి.మీ. ఉంటే మీటరుకు దాదాపు ఒక లీటరు. వ్యాసం రెట్టింపై 72 అయితే నాలుగు లీటర్లు, సగమై 18 అయితే పావు లీటరు. ఎవరైనా 20 మి.మీ. పైపులో మీటరుకు మూడు లీటర్లు పడతాయని చెప్తే, కాగితం తీయకుండానే ఎక్కడో దశాంశ బిందువు జారిందని తెలిసిపోతుంది.

అంగుళాలు, అడుగుల్లో పనిచేసేవాళ్లకు వ్యాసం వర్గాన్ని 0.0408తో గుణిస్తే అడుగుకు ఎన్ని గ్యాలన్లో వస్తుంది. ఇవి 3.785 లీటర్ల అమెరికా గ్యాలన్లు. బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు. ఏ గ్యాలనో అడగకుండా మందు కలిపితే అక్కడే ఇరవై శాతం దాకా తేడా వస్తుంది.

‘పై’కి 3.14 వేయాలా, 22/7 వేయాలా అని కొందరు తెగ మథనపడతారు. 3.14 వేస్తే 0.05 శాతం తక్కువ వస్తుంది, 22/7 వేస్తే 0.04 శాతం ఎక్కువ వస్తుంది. ఈ పనిలో రెండూ లెక్కలోకి రావు. ఆ మథనమేదో వ్యాసం మీద పెట్టడం మేలు.

పేరు ఒకటి, కొలత ఒకటి

పైపు మీద అచ్చేసిన అంకె దాని పేరు. కొందరికి పేరుకూ మనిషికీ పొంతన కుదిరినట్టు కొన్ని పైపులకు పేరుకూ కొలతకూ పొంతన కుదురుతుంది, కొన్నిటికి కుదరదు.

స్టీలు పైపుల సంగతి ముందు. ఒకప్పుడు ఇనుప పైపు ఒక్కో సైజుకు దాదాపు ఒకటే గోడ మందంతో వచ్చేది. పేరులోని అంగుళాలు లోపలి వ్యాసాన్ని ఉద్దేశించినవే. చిన్న సైజుల్లో గోడ అవసరానికి మించి మందంగా ఉందని తర్వాత తేలింది. పల్చగా చేయాలి, కానీ మరలు కోసేది పైపు బయటి వైపున. బయటి వ్యాసం మారిస్తే అప్పటికే వాడుకలో ఉన్న సాకెట్లూ ఎల్బోలూ పనికిరాకుండా పోతాయి. అందుకని బయట ముట్టుకోకుండా, అదనపు మందాన్ని లోపలివైపు నుంచి తగ్గించారు. లోపల వెడల్పయింది, పేరు పాతదే మిగిలింది. 12 అంగుళాల దాకా ఇదే వరస. 14 అంగుళాల నుంచి పైకి మాత్రం పేరు బయటి వ్యాసానికి అతికినట్టు సరిపోతుంది. ఆ పైపు లోపలి వ్యాసం 14 అంగుళాలకు తక్కువే ఉంటుంది. అంటే చిన్న పైపుల్లో పేరు నమ్మితే లెక్క తక్కువ రావచ్చు, పెద్ద పైపుల్లో పేరు నమ్మితే ఎక్కువ వస్తుంది. రెంటికీ కలిపి ఒకే సవరణ పెట్టుకుందామంటే కుదరదు.

షెడ్యూల్ అంకె పెరిగేకొద్దీ గోడ మందం పెరుగుతుంది, బయటి వ్యాసం కదలదు. అదే అర అంగుళం పైపు షెడ్యూల్ 80 అయితే లోపల 13.9 మి.మీ. ఉంటుంది, మీటరుకు 151 మి.లీ. పడుతుంది. రెండూ పక్కపక్కన పెడితే బయటికి ఒకేలా ఉంటాయి. పట్టే నీళ్లలో తేడా మాత్రం దాదాపు నాలుగోవంతు.

రాగి గొట్టాల దగ్గర తికమక ఇంకో రకం. అమెరికా ప్రమాణాల్లో నీళ్ల పనికి వాడే అర అంగుళం రాగి గొట్టం బయటి వ్యాసం ఐదు బై ఎనిమిది అంగుళం, అంటే 15.9 మి.మీ. పేరు కన్నా అంగుళంలో ఎనిమిదోవంతు ఎక్కువన్నమాట. అక్కడే ఏసీలూ ఫ్రిజ్‌లూ బాగుచేసేవాళ్లు అర అంగుళం గొట్టం అంటే దాని బయటి వ్యాసమే అర అంగుళం. అదే రాగి, అదే పేరు, పనిని బట్టి రెండు గొట్టాలు.

ఇక రబ్బరు హోసులను సాధారణంగా లోపలి వ్యాసంతో పిలుస్తారు. ప్రయోగశాలల్లో, యంత్రాల్లో వాడే సన్నటి ట్యూబులను బయటి వ్యాసంతో పిలుస్తారు. నల్లటి పాలిథిలిన్ పైపులను కూడా బయటి వ్యాసంతోనే.

ఈ పాలిథిలిన్ దగ్గరే నేను బోర్లాపడ్డాను. 200 మీటర్ల కొత్త లైను, క్లోరిన్ కలిపిన నీళ్లు నింపి ఉంచాలి. పైపు మీద 110 అని ఉంది. 110 వేసి లెక్క కడితే మీటరుకు 9.5 లీటర్లు, మొత్తం 1,900 లీటర్లు. ఆ కొలతకే మందు కలిపి ట్యాంకు సిద్ధం చేశాను. నీళ్ల మీటరు ఇంకా 1,300 కూడా చేరకముందే అవతలి కొసన నీళ్లు ఉబికాయి. ఎక్కడో లీకు ఉంటే నీళ్లు చాలకపోవాలి గానీ, లైను నిండిపోయి 600 లీటర్లు మిగలడమేమిటని తల గోక్కుంటుంటే, పక్కనున్న పనివాడు పైపు కొసను బూటుతో తట్టి, “గోడ చూశారా సార్?” అన్నాడు. బొటనవేలంత మందం. 110 పక్కనే ఎస్‌డీఆర్ 11 అని అచ్చేసి ఉంది, నేను చదవలేదు అంతే.

ఎస్‌డీఆర్ అంటే బయటి వ్యాసం గోడ మందానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె. 110ని 11తో భాగిస్తే గోడ 10 మి.మీ. గోడ రెండు పక్కలా ఉంటుంది కాబట్టి 20 తీసేయాలి. లోపల మిగిలేది 90. అప్పుడు మీటరుకు 6.36 లీటర్లు, 200 మీటర్లకు 1,272. ఎస్‌డీఆర్ అంకె పెద్దదయ్యేకొద్దీ గోడ పల్చబడుతుంది. షెడ్యూల్‌కు ఇది పూర్తిగా తిరగమరగ. రెండింటితోనూ పనిచేసేవాళ్లు ఇక్కడ తరచూ తడబడతారు. ఇంకో మాట, రెండు పక్కలా తీయాల్సిన మందాన్ని ఒక్కసారే తీసేసి 100 వేసేవాళ్లు కూడా తక్కువేం కాదు.

కొలిచేటప్పుడు

వ్యాసాన్ని వర్గం చేస్తాం కాబట్టి, అందులో దొర్లిన చిన్న తప్పు ఫలితంలో రెట్టింపవుతుంది. వ్యాసంలో ఒక శాతం తేడా ఉంటే ఘనపరిమాణంలో రెండు శాతం. పొడవులో ఒక శాతం తేడా ఉంటే ఒక శాతమే. అయినా మనుషులు టేపు పట్టుకుని పొడవును సెంటీమీటరు దాకా కొలుస్తారు, వ్యాసాన్ని మాత్రం కంటితో చూసి చెప్పేస్తారు.

రంపంతో కోసిన పైపు కొసన లోపలి అంచుకు చిన్న చిన్న పొరకలు వేలాడుతుంటాయి. వేలు పెట్టి తిప్పితే గుచ్చుకుంటాయి. కట్టరుతో కోస్తే అంచు లోపలికి ముడుచుకుంటుంది. కాలిపర్స్ దవడలు వాటి మీద ఆనితే కొలత తక్కువ చూపిస్తుంది. ముందు ఆకురాయితో అంచు శుభ్రం చేసి, దవడలను కొంచెం లోపలికి పోనిచ్చి కొలవాలి. బాగా సన్నటి రంధ్రాల్లో ఇంకో చిక్కుంది. లోపలి కొలతకు వాడే దవడల అంచులు ఎంత సన్నగా ఉన్నా కాస్త బల్లపరుపుగానే ఉంటాయి. గుండ్రటి గోడను నడిమధ్యలో తాకాల్సినవి ఇటూ అటూ మూలల దగ్గర తాకుతాయి. దాంతో అసలు వ్యాసం కన్నా కాస్త తక్కువే కనిపిస్తుంది.

పైపు కొస అందకపోతే, అంటే లైను ఇప్పటికే బిగించి ఉంటే, బయట చుట్టూ టేపు చుట్టి చుట్టుకొలత తీసుకుని 3.1416తో భాగిస్తే బయటి వ్యాసం వస్తుంది. ఈ పద్ధతి నాకు ఇష్టం. టేపులో ఒక మిల్లీమీటరు తప్పు చదివినా వ్యాసంలో వచ్చే తేడా 0.3 మి.మీ. మాత్రమే. తర్వాత గోడ మందం రెండింతలు తీసేయాలి.

చుట్టలుగా వచ్చే ప్లాస్టిక్ పైపు ఒక్కోసారి నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారంలోకి తిరుగుతుంది. లోపల గుండ్రంగా 100 ఉండాల్సింది ఒక వైపు 105, అడ్డంగా 95 అయిందనుకోండి. ఒక వైపే కొలిచి 105 వేస్తే లెక్క పది శాతం ఎక్కువ వస్తుంది. రెండు వైపులా కొలిచి ఆ రెండు అంకెలను ఒకదానితో ఒకటి గుణిస్తే 9,975. గుండ్రటి పైపుకు రావాల్సింది 10,000. అంటే అంత నొక్కుకున్నా లోపలి ఖాళీ పావు శాతమే తగ్గింది. పైపు వంకరగా ఉండటం వల్ల పెద్ద నష్టం లేదు, ఒకే వైపు కొలవడం వల్లే నష్టం.

పాత ఇనుప పైపుల్లో గార కట్టి ఉంటే కేటలాగు అంకెలు ఎందుకూ కొరగావు. మొదట చెప్పిన అర అంగుళం పైపులో చుట్టూరా మిల్లీమీటరున్నర మందాన గార పేరుకుంటే లోపలి వ్యాసం 12.8కి దిగుతుంది. పట్టే నీళ్లు మూడోవంతుకు పైగా తగ్గి 129 మి.లీ. అవుతాయి. పేరు చూసి కట్టిన 127కు దగ్గరగా వచ్చేసింది చూడండి. పైపు పాడైతే గానీ పేరుకు న్యాయం జరగలేదు.

లెక్క మానేసి తూకం వేయండి

ముడతల ఫ్లెక్సిబుల్ హోసుకు ఏ వ్యాసం వేస్తారు? వాల్వులు, టీలు, ఫిల్టర్లు గుత్తులుగా ఉన్నచోట? అక్కడ సూత్రంతో కుస్తీ పట్టడం దండగ. ఖాళీగా తూచి, నీళ్లు నింపి మళ్లీ తూచి, తేడా తీసుకుంటే సరిపోతుంది. 20 డిగ్రీల దగ్గర నీళ్ల సాంద్రత మిల్లీలీటరుకు 0.998 గ్రాములు, అంటే గ్రాములే మిల్లీలీటర్లు అనుకోవచ్చు. రెండు జాగ్రత్తలు చాలు. ముడతల్లో గాలి బుడగలు దాక్కుంటాయి, హోసును నిలబెట్టి కింద నుంచి నెమ్మదిగా నింపుతూ తడుతుండాలి. లైనులో ఉన్నదాన్ని ఖాళీ చేసి కొలిచేటట్టయితే గోడలకు అంటుకున్న తడీ, పల్లంలో నిలిచిన నీళ్లూ బయటికి రావు, కాబట్టి వచ్చిన కొలత ఎప్పుడూ కాస్త తక్కువే.

బాగా సన్నటి గొట్టాలకైతే ఇదే మంచి దారి. 100 మి.మీ. పైపులో కొలత 0.1 మి.మీ. తప్పితే ఫలితం 0.2 శాతమే తప్పుతుంది. ఒక మిల్లీమీటరు గొట్టంలో అదే 0.1 తప్పితే 21 శాతం. ద్రవాల్లోని రసాయనాలను వేరుచేసే క్రోమటోగ్రఫీ యంత్రాల్లో లోపలి వ్యాసం 0.25 మి.మీ. ఉండే ట్యూబులు వాడతారు. బయటి వ్యాసం మాత్రం అంగుళంలో పదహారోవంతు, దాదాపు 1.6 మి.మీ. గోడే ఎక్కువ, ఖాళీ తక్కువ. సెంటీమీటరుకు పట్టేది అర మైక్రోలీటరు. దాని బదులు 0.12 మి.మీ. ట్యూబు పెడితే సెంటీమీటరుకు 0.11 మైక్రోలీటర్లే పడుతుంది. వ్యాసం సగం కన్నా కాస్త కిందికి తగ్గితే ఘనపరిమాణం నాలుగోవంతు కన్నా కిందికి దిగింది. ఆ యంత్రాల్లో వేరుపడిన పదార్థాలు మళ్లీ కలిసిపోకూడదు, అందుకే అక్కడ ఒక్కో మైక్రోలీటరుకూ అంత లెక్క.

వంపుల సంగతి

ఎల్బోలు, వంపులు వచ్చేసరికి చాలామంది ‘ఉజ్జాయింపుగా’ అంటారు. నిజానికి ఇక్కడ ఉజ్జాయింపు అక్కర్లేదు. వంపు తిరిగిన పైపుకు బయటి వైపు పొడవు ఎక్కువ, లోపలి వైపు తక్కువ. ఒకవైపు పెరిగింది మరోవైపు తగ్గినదానికి సరిగ్గా సరిపోతుంది. కాబట్టి పైపు నడిమధ్యగా గీసుకున్న రేఖ పొడవును అడ్డుకోత వైశాల్యంతో గుణిస్తే నిక్కచ్చి జవాబే వస్తుంది, పైపు నొక్కుకోకుండా గుండ్రంగా ఉన్నంతవరకు. అలెగ్జాండ్రియాకు చెందిన పాపస్ పేరుతో పిలిచే సిద్ధాంతం చెప్పేది ఇదే.

తప్పు జరిగేది ఆ రేఖ కొలిచే దగ్గర. నాలుగు అంగుళాల లాంగ్ రేడియస్ ఎల్బోలో మధ్యరేఖ 152 మి.మీ. వ్యాసార్థంతో తిరుగుతుంది. పావు చుట్టు పొడవు 239 మి.మీ. డ్రాయింగులో మూల దాకా ఒక గీత, మూల నుంచి మరో గీత కొలిచినవాళ్లకు 304 వస్తుంది. షెడ్యూల్ 40లో ఈ తేడా ఎల్బోకు అర లీటరు పైచిలుకు. రెండు ఎల్బోలుంటే పోనీ అనుకోవచ్చు, నలభై ఉంటే అనుకోలేం.

చుట్టిన కాయిల్‌కూ మధ్యరేఖ సూత్రమే. 10 మి.మీ. గొట్టాన్ని 20 చుట్లు చుట్టారు, చుట్ట బయటి వ్యాసం 210 మి.మీ. అయితే మధ్యరేఖ వ్యాసం 200. పొడవు 12.57 మీటర్లు. చుట్టుకూ చుట్టుకూ మధ్య ఏటవాలు వల్ల పెరిగే పొడవు ఇందులో ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు, వదిలేయండి.

నిండని పైపు, వేడెక్కిన పైపు

అడ్డంగా పడుకోబెట్టిన పైపులో నీళ్లు పావు ఎత్తు దాకా ఉంటే పావు వంతు ఉన్నాయనుకోకూడదు. అడుగున వెడల్పు తక్కువ కాబట్టి ఉన్నది 19.6 శాతమే. సగం ఎత్తుకు మాత్రం సగం.

నీళ్లు తిరుగుతూ ఉండే మూసిన లైనులో 200 లీటర్లు ఉన్నాయనుకుందాం. 20 డిగ్రీల నుంచి 80కి వేడెక్కితే ఆ నీళ్లు 2.7 శాతం, అంటే ఐదున్నర లీటర్ల దాకా ఉబ్బుతాయి. స్టీలు పైపూ వ్యాకోచిస్తుంది గానీ దాని లోపల పెరిగే చోటు అర లీటరు కూడా ఉండదు. మిగతా ఐదు లీటర్లూ ఎక్కడికి పోవాలో ముందే చూసుకోకపోతే ఆ ఒత్తిడికి ఏదో ఒక జాయింటు బలవుతుంది. ఎక్స్‌పాన్షన్ ట్యాంకు పెట్టేది ఇందుకే, దాని సైజు తేల్చడానికి మొట్టమొదట కావలసింది పైపుల్లో పట్టే నీళ్ల లెక్క.

లీటర్లను నిమిషాల్లోకి మార్చితే

ఘనపరిమాణాన్ని ప్రవాహంతో భాగిస్తే కాలం వస్తుంది. వేడినీళ్ల కోసం కుళాయి కింద చెయ్యి పెట్టి నిలబడేది ఈ కాలమే. హీటరు నుంచి కుళాయికి 15 మీటర్ల పైపు, లోపలి వ్యాసం 16 మి.మీ. అయితే మధ్యలో మూడు లీటర్ల చల్లటి నీళ్లు ఉన్నట్టు. నిమిషానికి ఆరు లీటర్లు వదిలితే అర నిమిషం. గోడ కూడా వేడెక్కాలి కాబట్టి నిజంగా పట్టేది ఇంకాస్త ఎక్కువ. లోపలి వ్యాసం 12కు తగ్గిస్తే అదే ప్రవాహానికి పదిహేడు సెకన్లు.

ఆస్పత్రిలో ఇదే లెక్కకు బరువు ఎక్కువ. సెలైన్ ట్యూబు లోపలి వ్యాసం 3 మి.మీ., పొడవు మీటరున్నర అనుకుంటే లోపల పట్టేది 10.6 మి.లీ. పెద్దవాళ్లకు గంటకు వంద మి.లీ. ఎక్కిస్తుంటే పై కొసన కలిపిన మందు ఆరు నిమిషాలు దాటగానే చేరుతుంది. పసిబిడ్డకు గంటకు 5 మి.లీ. చొప్పున వెళ్తుంటే? అదే ట్యూబులో అదే మందుకు రెండు గంటలకు పైగా పడుతుంది. పంపు తెరమీద మందు వెళ్తున్నట్టే కనిపిస్తుంది, బిడ్డకు మాత్రం అందదు. ఒక మిల్లీమీటరు వ్యాసం ఉన్న ట్యూబు వాడితే పట్టేది 1.2 మి.లీ., చేరడానికి పద్నాలుగు నిమిషాలు. చిన్నపిల్లల వార్డుల్లో అంత సన్నటి ట్యూబులు వాడటం వెనక ఉన్న లెక్క ఇదే.

అయితే ఈ భాగహారం ఇచ్చేది సగటు కాలం. నెమ్మదిగా, అలజడి లేకుండా పారే ద్రవంలో నడిమధ్య ఉన్న ధార సగటుకు రెట్టింపు వేగంతో పోతుంది, గోడను ఆనుకున్న పొర దాదాపు కదలదు. అందుకే కొత్త ద్రవం మొదటి జాడ లెక్కలో సగం కాలానికే కొసన కనిపించవచ్చు. పాత ద్రవం ఆనవాళ్లు మాత్రం లెక్క దాటిపోయాక కూడా చాలాసేపు వస్తూనే ఉంటాయి. 1,272 లీటర్ల లైనులోకి 1,272 లీటర్లు పంపి, లోపల ఉన్నదంతా కొట్టుకుపోయిందనుకుంటే పొరపాటే. నేను ఇప్పుడు అలాంటి లైను కడిగేటప్పుడు రెండింతలు వదిలి, ఆ తర్వాత కొసన చిన్న సీసాలో నీళ్లు పట్టి చూస్తాను. అవి తేటగా ఉంటేనే వాల్వు కడతాను.